ఒకే కప్పు, ఒకే కార్డు

“కార్డుందా?” అన్నాడు గేటు దగ్గర టోపీ పెట్టుకున్న సెక్యూరిటీ ఆయన.

“లేదు బాబూ, స్కూటర్ మీద వచ్చాం,” అంది మా ఆవిడ సత్యవేణి.

“కారు కాదమ్మా, కార్డు. మీరు సభ్యులేనా అని అడుగుతున్నాను.”

మా ఆవిడకి చిర్రెత్తింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నన్ను ఆవిడ అనని మాట లేదు గానీ, అసభ్యుడని మాత్రం ఎన్నడూ అనలేదు, ఇంకొకరిని అననివ్వదు. “ఏం, మా ఆయన్ని చూస్తే అలా కనిపిస్తున్నారా?” అంది. ఆయన నన్ను కింద నుంచి పై దాకా పరీక్షగా చూసి, జవాబు చెప్పకుండా తన మర్యాద తాను కాపాడుకున్నాడు.

కాకినాడ ఊరి చివర మహాగాదె హోల్‌సేల్ క్లబ్ తెరిచిన మొదటి వారం సంగతి ఇది. క్లబ్బు, కార్డు అన్న రెండు మాటలూ పక్కపక్కన వినిపిస్తే మా ఊళ్ళో ఎవరికైనా పేకాటే గుర్తొస్తుంది. ఇది ఆ క్లబ్బు కాదు. ఏడాదికింతని చందా కట్టి కార్డు తీసుకుంటే సరుకులు బజారు కంటే బాగా తక్కువకి ఇస్తారు. తక్కువన్నది ధరలోనే, తూకంలో కాదు. ఆవాలు అయిదు కిలోల సంచీ. ఇంగువ కిలో డబ్బా. కందిపప్పు బస్తా. గాదె దగ్గరికి వెళ్ళి గుప్పెడు అడగకూడదు గదా! కార్డు లేనివాళ్ళకి గాదెలో ప్రవేశం లేదు, బాధలోనే.

మా సౌఖ్య నిలయం అపార్ట్‌మెంట్‌లో పదహారు ఫ్లాట్లు. సౌఖ్యం లిఫ్టు పనిచేసిన రోజుల్లో వస్తుంది, మిగతా రోజుల్లో నిలయం మాత్రమే ఉంటుంది. మా సంఘానికి అధ్యక్షుడు విస్సంరాజు బావగారు. కలెక్టరాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు గానీ, ఆయన భాష ఇంకా సర్వీసులోనే ఉంది. నేను క్లబ్బు సంగతి చెప్పగానే ఆయన మొహం ఫైలు తెరిచినట్టు తెరుచుకుంది.

“గవర్రాజు బావగారూ, ఇటువంటి విషయములలో తొందర తగదు. ఒక గృహస్థునకు ఈ సభ్యత్వము ప్రయోజనకరమా, కాదా అన్నది ముందుగా నిర్ధారించవలెను. అందు నిమిత్తము ఒక ఉపసంఘమును వేయుచున్నాను.”

ఉపసంఘంలో ఆయనా నేనూ. వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి పోపుడబ్బాలు తనిఖీ చేశాం. మా ఆవిడ పోపులో వేసే ఆవాలని చెంచాతో కొలిస్తే, అయిదు కిలోల సంచీ మా ఇద్దరికీ పదకొండేళ్ళు వస్తుందని తేలింది. కిలో ఇంగువ నా తదనంతరం కూడా ఉంటుందట. “పోనీలెండి, మీ వాసన లేకపోయినా దాని వాసనైనా ఉంటుంది,” అంది మా ఆవిడ. ఉపసంఘం నివేదిక ఇలా ముగిసింది: “ఇద్దరు గల కుటుంబమునకు సభ్యత్వము నిష్ప్రయోజనము. నలుగురు గల కుటుంబమునకు సందేహాస్పదము. యాభై మంది గల కుటుంబమునకు మిక్కిలి ప్రయోజనకరము. అయితే అట్టి కుటుంబమేదియు ఉపసంఘము దృష్టికి రాలేదు.”

నివేదిక విని అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్క నూకరత్నం మాత్రం కొట్టలేదు.

నూకరత్నం 203లో ఉంటుంది. జాకెట్లు కుడుతుంది. పద్నాలుగేళ్ళ క్రితం భర్త పోయి, ఏడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని ఈ బిల్డింగులోకి వచ్చింది. వచ్చిన సాయంత్రం మా గుమ్మంలో గిన్నెతో నిలబడి, “అన్నయ్యగారూ, పెరుక్కి కాస్త తోడుంటే ఇప్పిస్తారా?” అంది. పెరుక్కి తోడడిగిన మనిషి ఆ రోజు నుంచీ నాకు తోడబుట్టిందే అయిపోయింది. ఆ కూతురు అంబికకి ఇప్పుడు ఇరవై ఒకటి. మందుల షాపులో ఉద్యోగం. నన్ను “మావయ్యా” అంటుంది. మూడు వారాల్లో పెళ్ళి. పెళ్ళికొడుకు ఈశ్వర్, ఎనిమిది నెలల క్రితం తల్లితో పాటు 402లోకి దిగిన కుర్రాడు, పోర్టులో పనిచేస్తాడు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదకి తీసుకురావలసిన మేనమామని నేనే. ఆ విషయం నా నడుముకి అప్పటికింకా చెప్పలేదు.

“నాలుగొందల మందికి భోజనాలండీ అన్నయ్యగారూ,” అంది నూకరత్నం. “ఆ క్లబ్బులో పెళ్ళి సరుకులు సగం ధరకే ఇస్తారట. కార్డు తీసుకుంటాను. ఏడాదంతా పనికి రాకపోతే పోయింది, ఈ ఒక్క గట్టు ఎక్కితే చాలు.”

దరఖాస్తు పెట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం క్లబ్బు నుంచి ఒక అధికారి వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో పలకలాంటి యంత్రం. పేరు ధీరజ్. హోదా, కుటుంబ నిర్ధారణాధికారి.

“మేడమ్, మా సంస్థ విధానం ఒక కుటుంబం, ఒక కార్డు,” అన్నాడు. “కుటుంబం అంటే ఒకే కప్పు కింద నివసిస్తూ, ఒకరికొకరు వరస కలవారు. వరసకి రుజువుగా మేము పత్రాలు అడగం. పత్రాలు దొంగవి పుట్టించవచ్చు. పిలుపుని పుట్టించలేరు. మా దృష్టిలో పిలుపే పత్రం. ఈ వరసమిత్ర యంత్రం మీ పిలుపులు విని, మీ కుటుంబాన్ని తనే గుర్తిస్తుంది. మీరు సహజంగా మాట్లాడుకోండి చాలు.”

సహజంగా మాట్లాడుకోమంటే మా బిల్డింగుకి అంతకంటే ఏం కావాలి! అధికారి వచ్చాడన్న వార్తకి అప్పటికే గుమ్మం నిండిపోయింది.

“వదినా, ఎవరే ఈ అబ్బాయి?” అంది మా ఆవిడ.

“క్లబ్బాయన వదినా. అన్నయ్యగారూ, కూర్చోండి.”

“బావగారూ, జరగండి. నిబంధనల ప్రతిని నేను చూడవలెను.”

“బాబాయ్, లిఫ్టు మళ్ళీ ఆగిపోయింది!”

“పిన్నీ, చెల్లి ఉందా?”

“మావయ్యగారూ, నమస్కారమండీ,” అని చివర్లో వచ్చాడు ఈశ్వర్, వాళ్ళమ్మతో. “అన్నయ్యగారూ, కార్డు వచ్చేసిందేటండీ?” అంది ఆవిడ నన్ను.

ప్రతి పిలుపుకీ యంత్రం టింగుమంటోంది. ధీరజ్ కళ్ళు పెద్దవవుతున్నాయి. ఆఖరికి లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

“మేడమ్, మీరు ఇద్దరే అని దరఖాస్తులో రాశారు. ఎంత వినయం! మీది యాభై మూడు మంది గల కుటుంబం. రాష్ట్రంలో ఇది మా మొదటి మహాకుటుంబం.”

మేం ఎవరమూ అబద్ధం చెప్పలేదు. అతనూ తప్పు వినలేదు. కప్పు ఒకటే, అది పదహారు ఫ్లాట్ల మీదా ఉంది. విస్సంరాజు బావగారు గొంతు సవరించుకుని, “యాభై మంది గల కుటుంబము ఇప్పుడు ఉపసంఘము దృష్టికి వచ్చినది,” అన్నారు.

మర్నాడే ట్రాలీ ఆటోలు కట్టించుకుని వెళ్ళాం. గేటు దగ్గర అదే టోపీ ఆయన. మా ఆవిడ కార్డు చూపించి, “ఇప్పుడు సభ్యులమేనా?” అని అడిగి మరీ లోపలికి వెళ్ళింది. కార్డు ఒకటి కాబట్టి ఒక సంచీ ఆవాలు తెచ్చుకుని పదహారిళ్ళూ పంచుకోవాలన్నది ఉపసంఘం ఆలోచన. కానీ ఆ ధర చూశాక ఎవరికి వాళ్ళు తలో సంచీ ఎత్తారు. మా మహాకుటుంబం మొదటి రోజు ఎనభై కిలోల ఆవాలు, పదహారు కిలోల ఇంగువ, పదహారు బస్తాల కందిపప్పు, అలాగే చింతపండు, నూనె, ఎండుమిర్చి తెచ్చుకుంది. నేనొక పెద్ద వెదురు బుట్ట కొన్నాను. ఎందుకని అడక్కండి, అన్నిటికంటే అదే చవగ్గా ఉంది. పడగ్గదుల్లో బస్తాలు, హాళ్ళలో మనుషులు. లిఫ్టు ఎక్కితే ఇంగువ డబ్బాలో ఎక్కినట్టుండేది.

కూతురి పెళ్ళి సరుకులకి నూకరత్నం ఆ వారం చివర్లో జాబితా పట్టుకుని వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. శుభకార్య విభాగంలో ధీరజ్ వధూవరుల పేర్లు యంత్రానికి చెప్పాడు. యంత్రం వార్తలు చదివే అమ్మాయి గొంతుతో చెప్పింది: “వధువు తల్లికి, వరుడి తల్లికి అన్న ఒక్కరే. మేనమామ గవర్రాజు, ఉమ్మడి. కావున వధూవరులు అన్నాచెల్లెళ్ళు. నిషిద్ధ వరస. సరుకులు నిలిపివేయబడినవి.”

“అదేటి బాబూ!” అంది నూకరత్నం.

“చింతించకండి మేడమ్. మా సంస్థ కుటుంబ విలువలకి కట్టుబడి ఉంది,” అని ధీరజ్ మా వంశవృక్షం ముద్రించి ఇచ్చాడు. పొడుగ్గా, మడతలు మడతలుగా ఉంది. అంబికకీ ఈశ్వర్‌కీ మధ్య ఎర్ర గీత. ఆ గీతకి మూలంలో నేను, ఫొటోతో సహా.

సరుకులు పోతే పోయాయి, ఆ కాగితాన్ని అక్కడే చింపేయవలసింది. నూకరత్నం దాన్ని ఇంటికి తెచ్చింది. ఆ రోజే తుని నుంచి ఈశ్వర్ మామ్మ సీతాయమ్మగారు పెళ్ళికని దిగారు. ఎనభై దాటిన మనిషి, చూపు చురుకు, మాట మరీ చురుకు. కాగితం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి మడత నుంచి చివరి మడత దాకా చదివారు.

“ఏరా ఈశ్వరుడూ, ఈయన్ని నువ్వు మావయ్యా అంటావా?”

“అంటాను మామ్మా.”

“పిల్లా, నువ్వో?”

“నేనూ మావయ్యానే అంటానండి,” అంది అంబిక.

“మీ అమ్మా, వీడి అమ్మా ఈయన్ని అన్నయ్యా అంటారు. అవునా? అయితే కాగితంలో తప్పేవుంది?”

“అమ్మా, రక్తసంబంధం ఏమీ లేదండి, ఊరికే పిలుచుకుంటాం,” అన్నాను.

“రక్తం సంగతి నాకు తెలుసు నాయనా, మా కోడలికి అన్నదమ్ములు లేరు. నేను నోటి సంగతి అడుగుతున్నాను. నోరారా పిలిచాక ఊరికే ఎలా అవుతుంది? ముందు వరసలు సరిచెయ్యండి. తర్వాత పెళ్ళి మాట. అంతదాకా నేను పీటల దగ్గరికి రాను.”

మామ్మ రాని పెళ్ళి తను చేసుకోనన్నాడు ఈశ్వర్. తనని పెంచిన చెయ్యి అది. అంబిక మందుల షాపుకి వెళ్ళిపోయింది. నూకరత్నం మిషను ముందు కూర్చుంది గానీ, చాలాసేపు చక్రం తిరగలేదు.

ఉపసంఘం అత్యవసరంగా సమావేశమైంది. వరసల లెక్కలో నాకు కాస్త పట్టు ఉంది కాబట్టి మార్గం నేనే చెప్పాను. ఈశ్వర్ నన్ను మావయ్యా అనే అనొచ్చు. అంబిక మాత్రం నన్ను బాబాయ్ అనాలి. అప్పుడు నేను ఆ పిల్ల తండ్రికి తమ్ముణ్ణి. అంటే ఆ పిల్ల ఈశ్వర్‌కి మేనమామ కూతురు, నికార్సైన మరదలు. నిషేధం పోయి మేనరికం వస్తుంది! అందరూ శభాష్ అన్నారు. విస్సంరాజు బావగారు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు అంటించారు: “నివాసితులందరికీ తెలియజేయడమేమనగా, ఈ తేదీ నుండి పిలుపులు సవరించబడినవి. కు. అంబిక శ్రీ గవర్రాజును ‘బాబాయ్’ అనియు, శ్రీమతి నూకరత్నం ‘మరిదిగారూ’ అనియు పిలువవలెను. తదనుగుణముగా తక్కిన వరసలు కూడ సర్దుకొనవలెను. ఆదివారము ఉదయము అధికారి సమక్షమున పునఃపరిశీలన జరుగును.”

ఒక వరస కదిపితే పదహారిళ్ళూ కదిలాయి. ఇన్నాళ్ళూ బావగారై నన్ను వేళాకోళం చేసిన విస్సంరాజుగారు ఆ దెబ్బకి నాకు అన్నగారయ్యారు. అయిన మర్నాడే జోకులు మానేసి, ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమనీ, ఖర్చు తగ్గించుకోమనీ హితబోధ మొదలెట్టారు. మా ఆవిడా నూకరత్నమూ పద్నాలుగేళ్ళు వదినా అంటే వదినా అనుకుంటూ ఒకరినొకరు ఆటపట్టించుకున్నవాళ్ళు. ఇప్పుడు తోడికోడళ్ళు. మా ఇంట్లోంచి గోంగూర పచ్చడితో వెళ్ళిన గిన్నె తిరిగి ఎప్పుడూ ఏదో ఒకటి నింపుకుని వచ్చేది. మొదటిసారి ఖాళీగా వచ్చింది.

“చూశారా మీ వదిన!” అంది మా ఆవిడ. ‘మీ చెల్లెలు’ అనడం ఉత్తర్వుకి విరుద్ధమని గుర్తుపెట్టుకుంది మహాతల్లి.

అన్నిటినీ మించి అంబిక నా పీక మీద కత్తి పెట్టింది. శనివారం నాడు గుమ్మంలో నిలబడి, “మరి నేను బాబాయ్ అంటే, బుట్టలో నన్నెవరు తీసుకొస్తారు?” అని అడిగింది. మేనమామ తేవలసిన బుట్టని బాబాయ్ ముట్టుకోడు. పెళ్ళికొడుక్కి నేను మేనమామనయ్యాను, పెళ్ళికూతురికి కాకుండా పోయాను. నా లెక్క సరిపోయింది. అందులో నేనే సరిపోలేదు.

ఆదివారం పొద్దున్నే సెల్లార్లో కుర్చీలు వేశారు. మధ్యలో ధీరజ్, ఒళ్ళో వరసమిత్ర. ఎదురుగా సీతాయమ్మగారు కర్ర పట్టుకుని. చుట్టూ యాభై మూడు మంది.

“సహజంగా మాట్లాడండి,” అన్నాడు ధీరజ్.

అందరూ చేతిలోని ఉత్తర్వు నకళ్ళు చూసుకుంటున్నారు. అంబిక ముందుకొచ్చి, కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, “బాబాయ్, కాఫీ,” అంది. టింగ్. చేదు మందు మింగినట్టుంది దాని మొహం. ఇక నూకరత్నం వంతు. లేచింది. కొంగు సరిచేసుకుంది.

“మరి…” అంది. ఆగింది. “మరి…” అంది మళ్ళీ.

“నావల్ల కాదు అన్నయ్యా!” అని కూలబడింది. “నాకు ఉన్నది ఒక్క అన్న. సరుకుల కోసం, కాగితం కోసం ఆ ఒక్కణ్ణీ మరిదిని చెయ్యమంటే నేను చెయ్యలేను. మామ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంకేదైనా చెప్పండి చేస్తాను.”

టింగ్. “మేనమామ గవర్రాజు, ఉమ్మడి. నిషిద్ధ వరస,” అంది యంత్రం.

సరిగ్గా అప్పుడే మా పాల సింహాచలం సైకిలు దిగాడు. రోజూ నాలుగంతస్తులెక్కి పోసే మనిషికి గిరాకీ అంతా ఒక్కచోట కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. “అమ్మా, మీ లీటరు!” టింగ్. “అమ్మా, మీ అర లీటరు!” టింగ్. పదహారిళ్ళ అమ్మలకీ అదే టింగ్. “ఆయ్, పెద్దమ్మగారూ, తమరూ అమ్మేనండీ, మీ వాటా పైన పోసేస్తాను!” టింగ్. “అంబికమ్మా, పెళ్ళి పాలు ఎన్ని లీటర్లు తల్లీ? చెప్పమ్మా!” టింగ్, టింగ్.

యంత్రం కాసేపు గుడగుడలాడి, గొంతు సవరించుకుని చెప్పింది: “కొత్త సభ్యుడు సింహాచలం. తల్లులు పద్దెనిమిది మంది. సీతాయమ్మ, అంబిక: ఒకే కుమారుడి తల్లులు. కావున వీరి వరస, సవతులు.”

“ఏటన్నాదది?” అన్నారు సీతాయమ్మగారు.

ధీరజ్ తలొంచుకుని చదివాడు. “మీకూ పెళ్ళికూతురికీ వరస… సవతులండి.”

సీతాయమ్మగారు అంబికని చూశారు. అంబిక ఆవిడని చూసింది. సింహాచలం ఇద్దర్నీ చూసి పాలక్యాను వెనక్కి జరిగాడు. నలభై ఆరేళ్ళవాడు, మీసం నెరిసింది.

మొదట కర్ర ఊగింది. కోపమనుకున్నాం. తర్వాత భుజాలు ఊగాయి. ఆవిడ నవ్వుతున్నారు. కళ్ళజోడు జారేదాకా నవ్వి, “ఓసి నా సవతీ, ఇలా రావే!” అని అంబిక చెయ్యి పట్టుకున్నారు. “మా ఆయన పోయి పన్నెండేళ్ళయింది, ఇప్పుడా నాకు సవతి పోరు? ఒరే అబ్బాయ్, నీ మిషనుకి నోరు వినిపిస్తాది గానీ మనిషి వినపడడు. కాగితం ఇలా తే.” వంశవృక్షాన్ని నాలుగు ముక్కలు చేసి సింహాచలం క్యాను మీద మూతగా పెట్టారు. “అయినా ఒక్కటి అడగాలి. ఏరా ఈశ్వరుడూ, బిల్డింగులో ఇంతమంది మగాళ్ళుంటే అందర్నీ ‘అండీ’ అనేవోడివి, ఈయనొక్కణ్ణే మావయ్యా అని ఎందుకు తగులుకున్నావురా?”

ఈశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. “చెప్పమన్నారుగా… చెప్తాను మామ్మా. మేం దిగిన రోజు లిఫ్టు ఆగిపోయింది. లోపల నేనూ, ఈయనా, అంబికా. ‘భయం వద్దు మావయ్యా’ అని ఆ అమ్మాయి ఈయనతో అంది. నేను… నేను కూడా మావయ్యగారూ అనేశాను. మా అమ్మ తరఫున కాదు మామ్మా. ఆ అమ్మాయి తరఫున.”

“మొదటి రోజేనా?” అంది వాళ్ళమ్మ.

“మొదటి రోజే.”

సీతాయమ్మగారు యాభై మూడు మందికీ వినపడేలా, కోర్టులో తీర్పు చెప్పినట్టు చెప్పారు: “విన్నారా? పెళ్ళాం మేనమామని మొగుడు మావయ్యా అనక మరేమంటాడు? వరస తప్పలేదు. వీడు ఎనిమిది నెలలు ముందుగా పిలిచేడు, అంతే! కోడలా, నువ్వు ఈయన్ని అన్నయ్యా అన్నావంటే వియ్యపురాలి అన్న కాబట్టి. అన్నీ సరిపోయాయి. ఇంక మీ పాత పిలుపులు మీరు పిలుచుకోండి. నాయనా క్లబ్బబ్బాయీ, నువ్వు కూడా ఉప్మా తిని వెళ్ళు నాయనా.”

టింగ్. “సీతాయమ్మ తండ్రి, ధీరజ్,” అంది యంత్రం.

ధీరజ్ దాని నోరు నొక్కేసి సంచీలో పెట్టాడు. ఉప్మా తింటూనే మా కార్డు రద్దు చేశాడు, ఎందుకంటే వరసలు పొంతన కుదరకపోతే అతని విధానం ప్రకారం మేం కుటుంబం కాము. కొన్న సరుకు మాత్రం వాపసు తీసుకోరట. అది విని విస్సంరాజుగారు, మళ్ళీ బావగారైనందుకు మహదానందంగా, పడగ్గదుల్లోని బస్తాలన్నీ సెల్లార్లోకి దింపించారు. నాలుగొందల మంది భోజనం చేశారు. పప్పుకి పప్పు, పోపుకి పోపు, ఎవరింటిదో ఎవరికీ తెలియదు. నూకరత్నం గిన్నె మా ఇంటికి సున్నుండలతో తిరిగొచ్చింది. ఒక చెయ్యి నేనూ, ఇంకో చెయ్యి సింహాచలమూ వేసి, అంబికని మహాగాదెలో కొన్న ఆ వెదురు బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదకి తెచ్చాం. మధ్యలో నా నడుం కలుక్కుమంది. “జాగ్రత్త మావయ్యగారూ!” అన్నాడు తెర వెనక నుంచి ఈశ్వర్. ఈసారి ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు.

ఉపసంఘం తుది నివేదిక నోటీసు బోర్డు మీద ఇంకా ఉంది: “సభ్యత్వము ప్రయోజనకరమే. ఒక్క బుట్ట నిమిత్తము.” దాని కింద మా ఆవిడ పెన్సిలుతో రాసింది: “ఇంగువ కావలసినవారు మా 301లో అడగండి. పెళ్ళయ్యాక కూడా ఏడు కిలోలు మిగిలింది.”